బాలయోగి, గంటి మోహనచంద్ర (1951–2002)

గంటి మోహనచంద్ర బాలయోగి అప్పటి తూర్పు గోదావరి జిల్లా కోనసీమకు చెందిన న్యాయవాది, తెలుగుదేశం నాయకుడు. జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా మొదలై, అమలాపురం నుంచి మూడుసార్లు లోక్‌సభకూ, ముమ్మిడివరం నుంచి ఒకసారి శాసనసభకూ ఎన్నికయ్యారు. రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ చూశారు. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు ఆయనే. 1999లో రెండోసారి ఎన్నికై, పదవిలో ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. పేపర్లు జీఎంసీ అని రాసినా కోనసీమలో మాత్రం ఆయన ఎప్పుడూ బాలయోగి గారే.

స్పీకరుగా ఆయన గురించి ఢిల్లీ పుస్తకాల్లో రాసి ఉంది. ఆ కుర్చీ దాకా ఎలా వెళ్లారన్నది మాత్రం కోనసీమలోనే తెలుసుకోవాల్సిన సంగతి. ఊరిని కులాలవారీగా పేటలుగా కట్టుకున్న నేలలో, తన పేట కాని వాళ్ల ఓట్లతో గెలవాల్సిన దళిత నాయకుడి కథ అది.

ఏటికి ఎదురుగా ఉన్న లంక

పార్లమెంటు రికార్డు ప్రకారం ఆయన పుట్టింది 1951 అక్టోబర్ 1న, ఎదుర్లంకలో. అంతంతమాత్రం వ్యవసాయ కుటుంబం. ఊరు గౌతమీ పాయ ఒడ్డున, యానాం రేవుకు సరిగ్గా అవతల ఉంటుంది. మండలం పేరు ఐ. పోలవరం. ఆ ‘ఐ’ అంటే ఐలాండే. గౌతమి ఒకవైపు, వృద్ధ గౌతమి మరోవైపు చుట్టిన దీవి అది. ఆయన పుట్టేనాటికి ఏటి అవతల ఉన్న యానాంలో ఎగురుతున్నది ఫ్రెంచి జెండా. 1954లో గానీ అది దిగలేదు. అంటే ఆ ఊళ్లో ఆ కాలపు పిల్లలు ఒక ఒడ్డున నిలబడి రెండో దేశాన్ని చూస్తూ పెరిగారన్నమాట.

సొంత ఊళ్లో బడి లేక ప్రాథమిక విద్యకు గుత్తెనదీవి వెళ్లారు. డిగ్రీ కాకినాడలో చదివారు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. ఒక్క వాక్యంలో చెప్పేసిన ఈ చదువు వెనుక ఎన్ని రేవులు దాటడాలున్నాయో కోనసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వంతెన లేని రోజుల్లో ఎదుర్లంక నుంచి కాకినాడ వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిందే. పంటు అంటే చెక్క బల్లలు పరిచిన వెడల్పాటి పడవ. దాని మీదికి సైకిళ్లు ఎక్కేవి, కొబ్బరికాయల బస్తాలు ఎక్కేవి, దూడతో సహా గేదె ఎక్కేది, పెళ్లివారూ ఎక్కేవారు. పోటు మీద ఒక తీరుగా, పాటు మీద మరో తీరుగా నడిచేది. గాలి తిరిగితే రేవులోనే గంటలు గంటలు కూర్చోవాలి. పరీక్ష ఉందనో, కోర్టులో వాయిదా ఉందనో ఏరు ఆగదు. తర్వాత కాలంలో ఆయన ఏ పదవిలో ఉన్నా వంతెన మాట ఎందుకు వదల్లేదో ఆ రేవులో ఒక్క పూట కూర్చున్నవాడికి తెలుస్తుంది.

1980లో కాకినాడ బార్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1985లో ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. దళిత కుటుంబం నుంచి వచ్చిన తొలితరం చదువరికి అది చిన్న ఉద్యోగం కాదు. ఊళ్లో అందరూ లేచి నిలబడే ఉద్యోగం. ఆయన కొద్దికాలానికే దాన్ని వదిలి మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. 1986లో కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు ఉపాధ్యక్షుడయ్యారు. రాజకీయంలో అదే తొలి మెట్టు. పట్టణ సహకార బ్యాంకు అంటే వ్యాపారులు, ప్లీడర్లు, ఉద్యోగులు పరపతి చూసుకునే చోటు. అక్కడ నెగ్గుకొచ్చిన దళిత ప్లీడరు మీద పార్టీల కన్ను పడకుండా ఉండదు.

పేటలు, ఓట్లు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకు నీళ్లొచ్చాయి, పంటలొచ్చాయి, డబ్బొచ్చింది. భూమి మాత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలోనే ఉంది. కోనసీమలో అగ్రహారాల బ్రాహ్మణులు, రాజులు, కాపులు, కమ్మలు, శెట్టిబలిజలు, తీరం వెంట అగ్నికుల క్షత్రియులు, ప్రతి ఊరికీ శివారున మాలపేట, మాదిగపేట. కొబ్బరి తోట నీడ అందరి మీదా పడుతుంది. తోట పత్రం కొందరి పేరు మీదే ఉంటుంది. చెట్టెక్కి దింపు తీసేవాడు, కాయ ఒలిచేవాడు, తోట కౌలుకు చేసేవాడు, తోట సొంతదారు – ఈ నలుగురూ చాలా ఊళ్లలో నాలుగు కులాలు.

అయితే డెల్టా దళితులు తలవంచుకుని కూర్చున్నవాళ్లు కారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1920లనాడే ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని రాశారు. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న కేంద్ర సాహిత్య అకాడమీ దాకా వెళ్లారు. మిషనరీ బళ్లు, కాలువ పనులు, ఆ తర్వాత ప్రభుత్వ హాస్టళ్లు కలిసి ఇక్కడ చదువుకున్న దళిత తరాన్ని మిగతా జిల్లాలకన్నా ముందే తయారుచేశాయి. బాలయోగి ఆ తరం మనిషి.

ఆ తరానికి రాజకీయంలో తెరిచి ఉన్న గుమ్మం రిజర్వుడు స్థానం. 1932 పూనా ఒప్పందం దళితులకు సీట్లిచ్చింది. ఆ సీట్లలో ఎవరు గెలవాలో తేల్చే ఓటు మాత్రం అందరికీ ఇచ్చింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయ్యాక అమలాపురం లోక్‌సభ స్థానం దళితులకు కేటాయించిన స్థానంగా నిలిచింది. 1962 నుంచి బయ్యా సూర్యనారాయణ మూర్తి, తర్వాత కుసుమ కృష్ణమూర్తి అక్కడ కాంగ్రెస్ తరఫున గెలుస్తూ వచ్చారు. ఇలాంటి స్థానంలో పోటీచేసే వాళ్లంతా దళితులే గనక దళిత ఓటు చీలిపోతుంది. తీర్పు మిగతా కులాల చేతికి పోతుంది. కాబట్టి అభ్యర్థికి రెండు పరీక్షలు. తన పేట వాళ్లు ‘మనవాడే’ అనాలి. పై వీధి వాళ్లు ‘మంచోడే’ అనాలి. ఈ రెండు మాటలూ ఒకే నోట రావు, ఒకే కారణానికీ రావు.

కోనసీమలో ఎన్నికల జీపు వెళ్లే దారి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఏటిగట్టు దిగిన జీపు ముందు రామాలయం అరుగు దగ్గర ఆగుతుంది. అక్కడ పెద్దలకు దణ్ణం. తర్వాత రాజుగారి చావిడి. తర్వాత బజారు, కల్లుపాకల వైపు శెట్టిబలిజ పేట, వలలు ఆరేసిన మత్స్యకార వాడ. చిట్టచివర, చీకటి పడ్డాక, చర్చి పక్కన అంబేద్కర్ బొమ్మ ఉన్న పేట. అభ్యర్థి పుట్టింది ఆ చివరి పేటలోనే అయినా జీపు అక్కడికి చేరేది చివరే. పార్టీ ఏదైనా ఈ దారి మారదు.

బాలయోగికి ఈ దారి తెలుసు. మెత్తటి మాట, నవ్వుమొహం, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా వినడం – ఆయన గురించి పక్షం విపక్షం అందరూ చెప్పే మూడు సంగతులివే. దీన్ని స్వభావం అంటారు. కొంత స్వభావమే కావచ్చు. కొంత మాత్రం ఆ స్థానంలో నెగ్గుకురావడానికి అలవరచుకున్న విద్య.

జిల్లా అంతా ఓటేసిన ఎన్నిక

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలు తెచ్చింది. కొత్త చట్టం ప్రకారం మండల అధ్యక్షుడినీ, జిల్లా పరిషత్ అధ్యక్షుడినీ ఓటర్లే నేరుగా ఎన్నుకోవాలి. ఆ పద్ధతిలో ఎన్నికలు 1987లో జరిగాయి. దాదాపు 60 మండలాలున్న తూర్పు గోదావరిలో, అటు ఏజెన్సీ కొండల నుంచి ఇటు సముద్రం ఒడ్డు దాకా పల్లెల్లోని ప్రతి ఓటరూ జడ్పీ అధ్యక్షుడికి ఓటు వేశాడు. తెలుగుదేశం అభ్యర్థి బాలయోగి గెలిచారు.

ఈ ఎన్నికకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనిపిస్తుంది. లోక్‌సభ స్థానం కన్నా పెద్ద నియోజకవర్గం అది. ఒక ఊరి సర్పంచి పదవికే కులం లెక్క చూసే చోట, జిల్లా మొత్తం మీద ఒక దళిత ప్లీడరు పేరు బ్యాలెట్ మీద ముద్ర వేయించుకుంది. పైగా కాలం ఎలాంటిది? రెండేళ్ల క్రితమే, 1985 జూలైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వేటాడి చంపారు. అప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశమే. దళిత మహాసభ పుట్టింది ఆ మంటలోంచే. తరతరాలుగా కాంగ్రెస్‌కు ఓటేస్తున్న దళితవాడల్లోకి తెలుగుదేశం పోవాలంటే చదువుకున్న, మచ్చలేని, గొంతు పెంచని దళిత నాయకులు కావాలి. బాలయోగి ఆ అవసరానికి సరిగ్గా సరిపోయారు. మహాసభ నాయకులు ఎంచుకున్నది పోరాటం దారి. ఆయన ఎంచుకున్నది రోడ్డు, బడి, మంచినీళ్ల ట్యాంకు మంజూరు చేసే దారి. జడ్పీ అధ్యక్షుడి చేతిలో ఉన్నవీ అవే.

1991లో అమలాపురం నుంచి తొలిసారి లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికలయిన రెండు నెలలకే, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. అదీ కృష్ణా డెల్టా గడ్డే. అవే కాలువలు, అదే వరి, అదే పేట. ఒకే తీరాన ఒక చోట దళితుడు అందరి ఓట్లతో పార్లమెంటుకు వెళ్తున్నాడు, ఇంకో చోట దళితుల శవాలు గోనెసంచుల్లో కాలువలో తేలుతున్నాయి. ఒకటి రెండోదానికి జవాబు కాదు. రెండూ ఆ రోజుల్లో కోస్తా ఆంధ్ర నిజాలే.

1995 ఆగస్టులో రామారావును దించి చంద్రబాబు నాయుడు పగ్గాలు పట్టిన సంక్షోభం తర్వాత, ఆయన చంద్రబాబు నాయకత్వంలోని పార్టీలో కొనసాగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.ఆర్. మూర్తి చేతిలో ఓడిపోయారు. అదే ఏడాది సొంత మండలం ఉన్న ముమ్మిడివరం అసెంబ్లీ స్థానానికి వచ్చిన ఉప ఎన్నికలో గెలిచి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆ ఏడు నవంబర్ 6 రాత్రి తుఫాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ముమ్మిడివరం, ఐ. పోలవరం, కాట్రేనికోన మండలాల్లో కొబ్బరి తోటలు నడుం విరిగి పడిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రాత్రి పోయినది ఒక పంట కాదు, ఎన్నో ఏళ్ల ఆదాయం.

ఢిల్లీ కుర్చీ

1998 ఎన్నికల్లో అమలాపురం మళ్లీ ఆయనదే. కేంద్రంలో ఎవరికీ మెజారిటీ రాలేదు. 12 మంది సభ్యులున్న తెలుగుదేశం యునైటెడ్ ఫ్రంట్ వదిలి వాజ్‌పేయి ప్రభుత్వానికి బయటి నుంచి ఊతమిచ్చింది. ఆ ఊతానికి ప్రతిగా స్పీకర్ పదవి ఆ పార్టీకి వచ్చింది. కాంగ్రెస్ అంతకుముందటి స్పీకర్ సంగ్మానే కొనసాగించాలని చూసింది. వాజ్‌పేయి బాలయోగి పేరు ప్రతిపాదించారు. అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తర్వాత ఆంధ్ర నుంచి ఆ పీఠం ఎక్కింది ఆయనే. ప్రాంతీయ పార్టీ నుంచి ఎక్కినవాళ్లలో ఆయనే మొదటివారు. అప్పటికి 46 ఏళ్లు. రాష్ట్రపతి భవన్‌లో కె.ఆర్. నారాయణన్, లోక్‌సభ పీఠం మీద బాలయోగి. రాజ్యాంగం రాసిన అంబేద్కర్ పుట్టిన వర్గాల నుంచి ఒకేసారి ఇద్దరు.

ఢిల్లీ పత్రికలు ఎవరీయన అన్నాయి. పార్లమెంటులో అనుభవం ఒక్క టర్ము. హిందీ అంతంతమాత్రం. మొదటి పెద్ద పరీక్ష జూలై 13న వచ్చింది. మహిళా రిజర్వేషన్ బిల్లు సభ ముందుకొస్తుంటే ఆర్జేడీ సభ్యుడొకరు పీఠం దాకా ఎక్కొచ్చి, స్పీకర్ బల్ల మీది బిల్లు కాగితాలు లాక్కుని చింపేశారు. దేశం టీవీల్లో చూసింది. బాలయోగిని మెతక మనిషి అన్నవాళ్లకు ఆ రోజు మంచి సాక్ష్యం దొరికింది.

తర్వాతి పరీక్ష 1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు తీసేసుకోవడంతో వాజ్‌పేయి విశ్వాస తీర్మానం పెట్టారు. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు గానీ లోక్‌సభ సభ్యత్వం వదల్లేదు. ఆయన ఓటెయ్యొచ్చా? చట్టం అడ్డు చెప్పడం లేదు. మర్యాద అడ్డు చెబుతోంది. నిర్ణయం స్పీకరుది. ఆ విషయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేస్తున్నానన్నారు బాలయోగి. గమాంగ్ ఓటేశారు. బోర్డు మీద అంకెలు వెలిగాయి. అనుకూలం 269, వ్యతిరేకం 270.

ఈ ఒక్క ఓటు గురించి పాతికేళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. గమాంగ్ అనీ, పార్టీ మాట కాదన్న సైఫుద్దీన్ సోజ్ అనీ. లెక్కలో ఇంకో మనిషి కూడా ఉన్నారు. తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటేసింది. కానీ దాని సభ్యుల్లో ఒకరు పీఠం మీద ఉన్నారు. రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం స్పీకర్ మొదటి విడతలో ఓటెయ్యకూడదు. బాలయోగి మామూలు సభ్యుడిగా తన బెంచీలో కూర్చుని ఉంటే లెక్క 270–270. గమాంగ్‌ను ఓటెయ్యొద్దని ఆదేశించి ఉంటే 269–269. అప్పుడు తేల్చే ఓటు స్పీకరుదే. అంటే ఒక్క మాటతో ప్రభుత్వం తలరాత తన చేతికే తెచ్చుకోగలిగిన మనిషి, ఆ మాట అనలేదు. అది తెలిసి వదులుకున్నారా, మొహమాటమా, నిబంధనలో లేని అడ్డు తాను వెయ్యకూడదన్న ప్లీడరు బుద్ధా – ఎవరి అభిప్రాయం వాళ్లది. ఈ వ్యాసకర్తకు చివరిదే సబబనిపిస్తుంది. తన పార్టీకి నష్టమయ్యే నిర్ణయం తీసుకున్న స్పీకరును మెతక అనడం కష్టం.

ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో అమలాపురం మళ్లీ గెలిచారు. 1999 అక్టోబర్ 22న ఈసారి పోటీ లేకుండా, ఏకగ్రీవంగా స్పీకరయ్యారు. ఏడాదిన్నరలో ప్రతిపక్షం మనసు అలా మారిందంటే పేటలన్నీ తిరిగిన అనుభవం ఢిల్లీలోనూ పనికొచ్చిందనే అనుకోవాలి. రామాలయం అరుగు దగ్గరా, చర్చి పక్కనా ఒకే నవ్వుతో నిలబడగలిగిన మనిషికి పార్టీల బెంచీల మధ్య నిలబడటం కొత్త కాదు.

రెండో విడతలో ఆయన వదిలివెళ్లినవి రెండు. 2000 మే నెలలో లోక్‌సభకు తొలి నైతిక విలువల కమిటీ వేశారు. అధ్యక్షుడు మాజీ ప్రధాని చంద్రశేఖర్. 2001లో తెహల్కా టేపుల గొడవతో సభ రోజుల తరబడి స్తంభించిపోయింది. ఆ నవంబర్ 25న దేశంలోని సభాపతులను, ముఖ్యమంత్రులను, పార్టీ నాయకులను ఢిల్లీలో కూర్చోబెట్టి సభల్లో క్రమశిక్షణ మీద సమావేశం పెట్టారు. పది రోజులకు, డిసెంబర్ 5న, లోక్‌సభ నిబంధనల్లో 374ఎ చేరింది. వెల్‌లోకి దూసుకొచ్చి సభను అడ్డుకున్న సభ్యుడి పేరు స్పీకర్ చదివితే చాలు, అయిదు సిట్టింగులకు గానీ, సెషన్ మిగిలిన రోజులకు గానీ, ఏది తక్కువైతే అది, ఆ సభ్యుడు సస్పెండ్ అయినట్టే. ఇది మెతక మనిషి కాలంలో వచ్చిన నిబంధన! 2019 జనవరిలో ప్రత్యేక హోదా కోసం వెల్‌లో నిలబడ్డ తెలుగుదేశం సభ్యులను అప్పటి స్పీకర్ సుమిత్రా మహాజన్ సస్పెండ్ చేసింది ఈ నిబంధన కిందే. సొంత పార్టీ స్పీకర్ నాటిన చెట్టు, సొంత పార్టీ మీదే కాయ రాల్చింది.

ఆ నిబంధన వచ్చిన ఎనిమిది రోజులకు, 2001 డిసెంబర్ 13న, ఆయన స్పీకరుగా ఉండగానే పార్లమెంటు మీద సాయుధుల దాడి జరిగింది.

కొవ్వాడలంక

2002 మార్చి 3 ఆదివారం. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాదుకు చిన్న హెలికాప్టర్‌లో బయలుదేరారు. లోపల ఆయన, పైలట్, అంగరక్షకుడు – ముగ్గురే. కొంతసేపటికే కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టర్ చేపల చెరువులో కూలింది. ముగ్గురూ చనిపోయారు.

కొల్లేటి అంచున ఉన్న ఆ ఊళ్లు ఒకప్పుడు పొలాలు. తర్వాత చేపల చెరువులయ్యాయి. పైనుంచి చూస్తే ఎక్కడ నేలో, ఎక్కడ నీళ్లో తెలియని చోటు. ఒక లంకలో పుట్టిన మనిషి ఇంకో లంకలో పోయాడని కోనసీమ వాళ్లు అనుకోవడం సహజమే. ఆ కొవ్వాడలంక 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది.

అంత పెద్ద పదవిలో ఉన్న నాయకుడు అలా పోతే మన దగ్గర జరిగేవన్నీ జరిగాయి. హైదరాబాదు గచ్చిబౌలి అథ్లెటిక్ స్టేడియానికీ, పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ఆడిటోరియానికీ ఆయన పేరు పెట్టారు. ఉప ఎన్నికలో భార్య విజయకుమారి తెలుగుదేశం తరఫున గెలిచారు. 2004లో, 2009లో ఆ స్థానం కాంగ్రెస్ నాయకుడు జి.వి. హర్షకుమార్‌కు వెళ్లింది. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్‌సీపీ గెలిచాయి. 2019లో చింతా అనురాధ చేతిలో ఓడిన బాలయోగి కుమారుడు గంటి హరీష్ మాథుర్ 2024లో గెలిచి తండ్రి స్థానంలో లోక్‌సభకు వెళ్లారు.

పేరు కోసం కాలిన ఊరు

బాలయోగి పోయిన ఇరవై ఏళ్లకు, 2022 ఏప్రిల్ 4న, అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న ప్రభుత్వం దాని పేరును డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమగా మారుస్తామని, అభ్యంతరాలుంటే చెప్పమని ప్రకటన ఇచ్చింది. మే 24న కోనసీమ పేరే ఉంచాలంటూ అమలాపురంలో మొదలైన ఊరేగింపు చేయి దాటిపోయింది. రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. ఊళ్లో 144వ సెక్షన్ పెట్టి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు కొబ్బరాకుల పందిరి వేసే ఊరు అది. ‘ఆయ్, బాగున్నారాండీ’ అని పలకరించుకునే ఊరు. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 24న, మంత్రివర్గం ఆ పేరే ఖాయం చేసింది.

ఇల్లు కాలిన ఇద్దరికీ ముమ్మిడివరంతో సంబంధం ఉంది. దళితుడైన విశ్వరూప్ 2004లో తొలిసారి గెలిచింది అక్కడి నుంచే, అది బాలయోగి ఒకప్పుడు గెలిచిన రిజర్వుడు స్థానం. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అది జనరల్ అయింది. మత్స్యకార వర్గానికి చెందిన సతీష్ గెలిచింది ఆ తర్వాత. అంటే కాలింది పై వీధి నాయకుల ఇళ్లు కావు. బాలయోగి నడిచిన దారిలోనే, అందరి ఓట్లు అడిగి పైకొచ్చిన ఇద్దరి ఇళ్లు.

ఈ సంఘటన చూపి బాలయోగి రాజకీయాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. అందరికీ మంచోడుగా ఉండే నాయకుడు పేటకూ పై వీధికీ మధ్య ఉన్న గోడను ముట్టుకోడనీ, దాని పక్కనుంచి రోడ్డు వేస్తాడనీ వాళ్ల వాదన. ఇందులో నిజం లేకపోలేదు. ఆయన హయాంలో కోనసీమలో కూలిరేట్లూ, కౌలు పద్ధతులూ, భూమి లెక్కలూ మారిన దాఖలాలు వెతికితే దొరకవు. అయితే ఆయన సమర్థకుల మాటా తీసిపారేసేది కాదు. ఒక దళితుడిని ‘సార్’ అని పిలవడం, ఆయన ఆఫీసు గుమ్మం దగ్గర అర్జీ పట్టుకుని నిలబడటం పై వీధి వాళ్లకు అలవాటు చేసింది ఆయనే అంటారు వాళ్లు. అర్జీ పట్టుకుని నిలబడ్డ చెయ్యి ఓటు పత్రం మీద ఏ గుర్తు మీద ముద్ర వేసిందో లెక్కలు చెప్పాయి. ఊళ్లో ఏ పేరు ఒప్పుకుంటుందో లెక్కలు చెప్పలేదు.

వంతెన, రైలు

ఆయన పట్టుబట్టిన పనుల్లో యానాం–ఎదుర్లంక వంతెన 2002లో, ఆయన పోయాక పూర్తయింది. దానికి జి.ఎం.సి. బాలయోగి వంతెన అని పేరు. కాకినాడ, అమలాపురాల మధ్య తీరం వెంట నేరుగా రోడ్డు ప్రయాణం అప్పుడు కుదిరింది. అంతకుముందు రావులపాలెం మీదుగా చుట్టి రావాలి, లేదంటే పంటు కోసం కాసుకుని కూర్చోవాలి. వంతెన రాగానే రేవు చుట్టూ బతికిన చిన్న వ్యాపారం పడిపోయింది – టీకొట్లు, కిళ్లీబడ్డీలు, పంటు మీద కాయలమ్మే ఆడవాళ్లు. అది లెక్కలోకి రాని ఖర్చు.

రైలు కథ ఇంకా తేలలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని బ్రిటిష్ వాళ్లు పట్టాలు పీకి పట్టుకెళ్లారు. 2004లో మళ్లీ వేశాక ఆ దారిలో ఒకే పెట్టె ఉన్న రైలుబస్సు కొన్నాళ్లు తిరిగింది. కోటిపల్లి నుంచి గౌతమి దాటి అమలాపురం మీదుగా, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి నర్సాపురం దాకా కొత్త లైను 2000–01లో, బాలయోగి స్పీకరుగా ఉండగా మంజూరైంది. పొడవు సుమారు 57 కిలోమీటర్లు. ఏటికి మూడు పెద్ద వంతెనలు కావాలి. రాష్ట్రం వాటా సొమ్ము కోసం, భూసేకరణ కోసం ఏళ్లు గడిచాయి. గౌతమిలో స్తంభాలు లేచి నిలబడ్డాయి. కోటిపల్లి రేవులో పంటు ఇప్పటికీ ఆ స్తంభాల పక్కనుంచే ముక్తేశ్వరం వైపు వెళ్తుంది. అమలాపురం వాళ్లు రైలెక్కాలంటే నేటికీ రాజమండ్రికో, కాకినాడకో, నర్సాపురానికో పోతారు.